పెన్న సీమ ఎండలు – పసిబిడ్డల చర్మము

కడప జిల్లాలో ఎండను గూర్చి యెవరికిని క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునను నానుడి యితర సీమలవారికి అతిశయోక్తిగా తోచవచ్చును గాని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి అది యేటేటి అనుభవము. మే మాసములో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట యిచ్చట వింత కాదు. పెన్న యిసుక ప్రొద్దెక్కుసరికే కాలు మోపనీయదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు గనులనుండి వచ్చు నాపబండలు ఇంటి నేలగాను, వాకిటి అరుగుగాను, కొన్నిచోట్ల పైకప్పుగాను అమరి, పగలు త్రాగిన వేడిని రాత్రి జాము గడచువరకు వదలుచుండును.

ఇట్టి యెండకు పెద్దలు తలగుడ్డ చుట్టుకొందురు; పనివేళలు మార్చుకొందురు; చెట్టునీడకు చేరుదురు. చంటిబిడ్డ యీ మూడింటిలో ఒక్కటియు చేయజాలదు. ఎచ్చట పరుండబెట్టిన అచ్చటనే యుండును. బాధ కలిగినచో ఏడ్చును. ఆ యేడుపు ఆకలిదో, నిద్రదో, ఎండదో పెద్దలే తెలిసికొనవలెను. ఆ బిడ్డకు పుట్టుకతోనే చర్మము సున్నితమై, బుగ్గలపైనను నొసటిపైనను పొడిబారిన దురద పొక్కులు లేచుచుండెనేని, ఎండ విషయమున ఆ తల్లికి కలుగు సందేహములకు అంతు లేదు. ఎండ తగిలిన మేలా, కీడా? నూనె రాయవచ్చునా? సంతలో అమ్ము లేపనములు పూయవచ్చునా? ఈ ప్రశ్నలకు నేటి వైద్యశాస్త్రము చెప్పు సమాధానము క్లుప్తమైనది: పసిబిడ్డకు మొదటి మందు నీడ. తక్కినవన్నియు దాని తరువాతివి.

ఒక పేరు, రెండు జబ్బులు

ఈ జబ్బును ఇంగ్లీషువారు ఎగ్జిమా యందురు. ఉడుకుచున్న నీరు పైకి పొంగుట యను నర్థము గల గ్రీకు మాటనుండి యీ పేరు పుట్టినది. తెలుగులో దీనికంటూ నిలిచిన ప్రత్యేకమైన పేరు లేకపోవుట యొక చిక్కు. జనులు దీనిని తామర యందురు. బూజు జాతి సూక్ష్మజీవి వలన గుండ్రముగా వ్యాపించు అంటుజబ్బునకును తామర యనియే పేరు. ఆయుర్వేద గ్రంథములు దద్రువనియు, విచర్చిక యనియు రెండింటిని వేర్వేరుగా పేర్కొన్నవి. వాడుకలో ఆ భేదము చెరిగిపోయినది.

ఇది కేవలము పండితుల చర్చ కాదు. పేరొకటియైనచో మందును ఒకటే యను భ్రమ పుట్టును. బిడ్డకు తామర లేచినదని మందుల అంగడిలో చెప్పి తెచ్చిన లేపనములో బూజును చంపు మందుతోపాటు తీవ్రమైన స్టెరాయిడ్ కలిసియుండవచ్చును. అది మొదట రెండు దినములు ఉపశమనము కలిగించును. తరువాత, వైద్యుని పర్యవేక్షణ లేక వారముల తరబడి పూసినచో, లేత చర్మము మరింత పలుచబడి చిన్న యెండకును ఓర్వలేని స్థితికి వచ్చును. 2018లో కేంద్ర ప్రభుత్వము పలు స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్దేశించుటకు ఇట్టి దుర్వినియోగమే కారణము. అయితే వైద్యుడు తగిన బలముగల దానిని, తగినన్ని దినములు వాడుమని చెప్పినప్పుడు భయపడి మానుటయు పొరపాటే. మందులో దోషము లేదు. కొలత తప్పుటలో ఉన్నది.

పసిబిడ్డల ఎగ్జిమా అంటుజబ్బు కాదు. తల్లి తిన్న తిండి దోషమనియో, దృష్టి తగిలినదనియో బాలింతను నిందించుట అన్యాయము. 2006లో స్కాట్లండు దేశమునందలి డండీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, వారి సహచరులు దీని మూలములలో నొకదానిని కనుగొనిరి. చర్మపు పైపొరను ఇటుకగోడతో పోల్చుదురు. ఆ గోడ గట్టిగా నిలుచుటకు, చర్మములో తేమ నిలుచుటకు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు తోడ్పడును. కొందరికి జన్యులోపము వలన అది తక్కువగా తయారగును. అప్పుడు గోడలో నెరియలు పడినట్లయి లోపలి తేమ బయటికి పోవును. బయటి దుమ్ము, సబ్బు, చెమటలోని ఉప్పు లోపలికి దిగి మంట పుట్టించును. అందరి బిడ్డల విషయమున కారణమిది యొక్కటే కాకపోయినను, ఈ జబ్బునకు తేమ నిలుపుటయే ప్రధాన చికిత్స యనుటకు ఇదియే ఆధారము.

వేడి వేరు, కిరణము వేరు

ఎండలో మనకు తెలియునది వేడి; తెలియనిది అతినీలలోహిత కిరణము. 1800లో విలియం హెర్షెల్ ఎరుపు రంగునకు ఆవల కంటికి కనబడని వేడి కిరణములున్నవని చూపగా, మరుసటి యేడు జర్మనీలో యోహాన్ రిట్టర్ ఊదా రంగునకు ఆవల వేరొక అదృశ్య కిరణమున్నదని నిరూపించెను. చర్మమును కమిలించునది యీ రెండవది. ఇది వెచ్చగా నుండదు. కావుననే మబ్బు పట్టిన దినమున చల్లగా నున్నదని బిడ్డను ఆరుబయట నుంచినను, పలుచని మబ్బుగుండ దిగి పని చేయును.

పెన్న సీమ పసిబిడ్డకు ఈ రెండును శత్రువులే గాని, ఎగ్జిమా గల బిడ్డకు ముందుగా తగులునది వేడి. చెమట పట్టును, ఆరును, ఆరిన చోట ఉప్పు మిగులును, దురద హెచ్చును. బిడ్డ మోమును తల్లి భుజమునకు వేసి రుద్దుకొనును. రుద్దిన చోట చర్మము చిట్లును. చిట్లిన చోటికి కిరణము తగిలినచో మంట రెట్టింపగును. వేసవి వచ్చినంతనే అందరు బిడ్డలకును జబ్బు ముదురునని కాదు. కొందరికి ఎండకాలములో కొంత నెమ్మదించుటయు కలదు. పెద్ద ఆసుపత్రులలో ఎదిగిన రోగులకు కొలిచిన కిరణములతో చికిత్స చేయుదురు. కాని యంత్రముతో కొలిచి యిచ్చు కిరణము వేరు. నడివీథిలో కురియు ఎండ వేరు.

మన బిడ్డల మేనిచాయలో ఎగ్జిమా గుర్తు పట్టుటయు కొంచెము కష్టము. పాశ్చాత్యుల పుస్తకములలో ఎర్రని మచ్చలని వ్రాసియుండును. చామనచాయ, నలుపు చాయ బిడ్డలలో అది గోధుమ రంగుగానో, ఊదాగానో, బూడిద రంగుగానో కనబడును. తగ్గిన తరువాత కొన్నాళ్ళు ఆ చోట తెల్లబారి యుండును. చుట్టునున్న చర్మము ఎండకు ముదిరినకొలది ఆ పాలిపోయిన మచ్చ మరింత స్ఫుటమగును. అంతట ఇంటిల్లిపాది బొల్లి యేమోనని కంగారుపడుదురు. ఆడబిడ్డయైనచో ఆ దిగులు మరీ హెచ్చు. బొల్లి మచ్చ పాలవలె తెల్లగా, అంచు తీర్చినట్లుండును; ఎగ్జిమా మిగిల్చిన మచ్చ మసకగా నుండి నెలలు గడచినకొలది తనంత తానే చాయకు వచ్చును. సందేహమున్నచో చర్మవైద్యుని చూపు చాలును. దిగులుతో నాటు పసరులు పూయరాదు.

ఈ సందర్భమున మరియొక మాట. మన యిండ్లలో బిడ్డను ఎండనుండి కాచుటకు నల్లబడునను భయమే తరచు కారణము. ఆ భయముతోనే శనగపిండిలో నిమ్మరసము కలిపి నలుగు పెట్టువారును కలరు. నిమ్మరసమంటిన చర్మమునకు ఎండ తగిలినచో కాలినట్లు బొబ్బలెక్కి నల్లని మచ్చలు నిలుచును. రంగు కొరకు చేసిన పని రంగునే చెరచును. బిడ్డకు నీడ కావలసినది చాయ కొరకు కాదు, బాధ లేకుండుటకు. నలుపు చాయకు కారణమైన మెలనిన్ కొంత రక్షణ నిచ్చు మాట నిజమే. కాని పసితనములో ఆ రక్షణ యింకను పూర్తిగా ఏర్పడియుండదు.

లేత యెండ మాట

"పొద్దస్తమానం నీడలోనే పెట్టుకుంటే బిడ్డకు బలమెట్లొస్తాది మే?" అని జేజి యడుగును. "డాక్టరు వద్దన్నాడత్తా" అని కోడలు నసుగును. ఇద్దరి మాటలోను కొంత సత్యమున్నది. ఎముకల గట్టితనమునకు విటమిన్ డి కావలెను. అది చర్మమునకు ఎండ తగిలినప్పుడు తయారగును. 1919లో బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ యను వైద్యుడు ఎముకలు వంగిపోయిన బిడ్డలకు దీపపు అతినీలలోహిత కిరణములతో స్వస్థత చేకూర్చెను. ఆ తరువాత ఐరోపాలో బిడ్డలను ఎండకు పరుండబెట్టుట యొక ఆచారమైనది. కాని అది పొగమంచు దేశపు అవసరము. నేడు శిశువులకు విటమిన్ డి చుక్కలున్నవి. తొలి యేడాది దినమునకు 400 యూనిట్లు ఇచ్చుట భారతీయ శిశువైద్యులు సూచించు పద్ధతి. ఆ చుక్కలు పడుచున్నంతవరకు ఎముకల పేర బిడ్డను ఎండకు ఒప్పగింపవలసిన పని లేదు.

పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఎండ చూపుట యింకొక వాడుక. దీని వెనుక నొక చక్కని చరిత్ర కలదు. 1956 ప్రాంతమున ఇంగ్లండులో ఎసెక్స్ మండలపు రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అను నర్సు నెలలు నిండని బిడ్డలను ఆవరణలోని ఎండకు తీసికొని పోవుచుండెడిది. ఒక బిడ్డ మేన దుప్పటి అంచు కప్పిన మేర పసుపు నిలిచి, వెలుగు సోకిన మేర తగ్గుటను ఆమె వైద్యులకు చూపెను. ఆ గమనికయే 1958లో దీపచికిత్సకు దారి తీసినది. అయితే ఆ మేలు చేసినది వెలుగులోని నీలికాంతి, చర్మమును కమిలించు అతినీలలోహితము కాదు. కనుకనే నేడు ఆసుపత్రులలో నీలికాంతి దీపము క్రింద నుంచుదురు. కామెర్ల బిడ్డను మిద్దెమీద ఎండకు పెట్టి కాలయాపన చేయుట, పసుపు ముదిరి మెదడునకు హాని కలుగుటకు దారి తీయవచ్చును.

నీడను కొలుచు విధము

ఎంత యెండ యెక్కువ యను ప్రశ్నకు యంత్రము లేకయే చెప్పదగిన కొలత యొకటి గలదు. నిలుచున్న మనిషి నీడ అతని యెత్తుకంటె పొట్టిగా నున్నంతసేపు అతినీలలోహితము తీవ్రముగా నున్నదని గ్రహింపవచ్చును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడును 14, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశముల నడుమ నున్నవి. కావున ఏప్రిల్ నెలాఖరునను, మరల ఆగస్టు నడుమను సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ దినములలో మధ్యాహ్నము సుమారు పండ్రెండుంబావుకు నిలువుగా నాటిన కర్రకు నీడ యుండదు. పాఠశాల ఆవరణలో విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఏప్రిల్ నెలాఖరున ఉదయము తొమ్మిది దాటినది మొదలు అపరాహ్ణము మూడు దాటువరకు మన నీడ మనకంటె పొట్టిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడు అతినీలలోహిత సూచికలో 3 చేరినంతనే జాగ్రత్త వలయును. 11 అనగా అతి తీవ్రము. ఈ సీమ వేసవి మధ్యాహ్నములందు ఆ సూచిక 11 దాటుచుండును. బిడ్డతో బయటికి పోవలసియున్నచో నీరెండ వేళ, లేదా ప్రొద్దు వాలిన పిమ్మట పోవుట మేలు.

నీడ యనగా కప్పు మాత్రమే కాదు. తెల్లసున్నపు గోడ, నాపబండల వాకిలి, పెన్న యిసుక ఎండను తిరిగి పైకి విసరును. పొడి యిసుక అతినీలలోహితములో నూటికి పదునైదు పాళ్ళు ప్రతిఫలింపజేయును. గండికోట చూడవచ్చు కుటుంబములవారు మధ్యాహ్నవేళ బిడ్డ నెత్తుకొని లోయ అంచున నిలుచుట సాధారణ దృశ్యము. అచ్చట రాయియు ఆకాశమునే గాని చెట్టునీడ అరుదు. ఉదయమో సాయంకాలమో పోయినచో దృశ్యమును బాగుండును, బిడ్డయు బాగుండును.

పులివెందుల ప్రాంతపు చేలలో, చీనీ తోటలలో పనికి పోవు తల్లులు చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టుదురు. ఇంతకంటె మంచి సాధనము లేదు. గాలి ఆడును, బిడ్డ ఊగును, తల్లికి కంటి యెదుట నుండును. కాని నీడ నిలుచునది కాదు. ఉదయము ఎనిమిది గంటలకు నీడలో కట్టిన ఉయ్యాల పదకొండింటికి ఎండలో నుండును. సాళ్ళు మధ్య వంగిన తల్లికి అది కనబడదు. నీడతోపాటు ఉయ్యాలయు జరుగవలెను. మంచి గుబురైన వేప, చింత, కానుగ చెట్లు ఇందుకు తగినవి. ఉయ్యాలపై మందపు గుడ్డ కప్పి నలువైపుల మూయుటయు తప్పే. లోపల గాలి నిలిచి బిడ్డ ఉడికిపోవును.

బట్ట మాటకు వత్తము. బట్టల వ్యాపారమునకు పేరెన్నికగన్న ప్రొద్దుటూరులో గుడ్డకు కొదువ లేదు. ఎంపికలోనే వివేకము కావలెను. నూలుబట్ట మెత్తన, చెమట పీల్చును. కాని మిక్కిలి పలుచని తెల్లని మల్లుగుడ్డ కిరణమును చాలవరకు దిగనిచ్చును, తడిసినచో మరింత. ఒత్తుగా నేసిన, వదులుగా కుట్టిన, చేతులు కాళ్ళు కప్పు నూలు చొక్కా మేలు. చుట్టును అంచుగల నూలు టోపీ చెవులను మెడను కూడ కాచును. మండు వేసవిలో ఉన్ని టోపీ, మేజోళ్ళు తొడుగుట బిడ్డకు శిక్ష. అమ్మవారిశాల దసరా ఉత్సవములకని కొను జరీ గౌనులు, నైలాను అల్లికలు ఎగ్జిమా బిడ్డకు గీచుకొనును. ముచ్చట తీరవలెనన్నచో లోపల నూలుబట్ట తొడిగి కొద్దిసేపు మాత్రమే వేయవలెను.

లేపనములకు గల స్థానము

ఎండను కాచు లేపనములు నేడు పట్టణములలోని మందుల అంగళ్ళలో దొరకుచున్నవి. ఆరు నెలలు నిండని శిశువును నేరుటెండకే చూపరాదనియు, ఆ వయసున లేపనముపై ఆధారపడరాదనియు శిశువైద్యుల అభిప్రాయము. నీడ బొత్తిగా దొరకని యెడల మాత్రమే మోము, ముంజేతులవంటి కొద్ది చోట్ల కొంచెము పూయవచ్చునందురు. ఆరు నెలలు దాటిన పిదప, జింకు ఆక్సైడు లేదా టైటానియం డయాక్సైడు గల, పరిమళము కలపని లేపనము ఎగ్జిమా చర్మమునకు సాధారణముగా ఓర్చును. పూసినప్పుడు తెల్లగా కనబడుట దాని స్వభావము. రక్షణ సంఖ్య 30గాని అంతకు మించిగాని యుండుట మేలు. మొదటిసారి ముంజేతి లోపలి వైపున కొంచెము పూసి, మరునాటివరకు దద్దురు లేవకున్నచో వాడవచ్చును. చిట్లి రసి కారు చోట పూయరాదు. రెండు గంటల కొకసారి మరల పూయవలెను. కొబ్బరినూనె, ఆముదము ఎండను కాచునవి కావు. నూనె రాసి ఎండకు పరుండబెట్టుట వలన రక్షణ యేమియు కలుగదు.

లేపనము కొనుటకు శక్తి లేనివారు చింతింపవలసినది లేదు. ఎగ్జిమా బిడ్డకు అంతకంటె ముఖ్యమైనవి స్నానము, తేమ. గోరువెచ్చని నీటితో అయిదు పది నిమిషములలో స్నానము ముగించి, సున్నిపిండి రుద్దక, మెత్తని గుడ్డతో అద్ది, మేను తడి యారకమునుపే వాసన లేని తేమలేపనమో, పెట్రోలియం జెల్లీయో పట్టింపవలెను. మిక్కిలి వేడిగా నున్న దినములలో జిడ్డైన దానిని పలుచగా పూయుట మంచిది. లేనిచో చెమట మూసికొని చెమటకాయలు లేచును. బయట తిరిగి వచ్చినంతనే తడిగుడ్డతో చెమట తుడిచి మరల తేమ పట్టింపవలెను. ఆరు నెలల లోపు బిడ్డకు వేసవిలోనైనను నీరు పట్టనక్కరలేదు. తల్లిపాలే మరిన్ని సారులు ఇచ్చిన చాలును.

బిడ్డ మేను కాలుచు, పాలు త్రాగక, మత్తుగా వాలిపోయినను, మూత్రము తగ్గినను, పొక్కులు చీము పట్టి జ్వరము వచ్చినను, ఎండ తగిలిన చోట బొబ్బలెక్కినను జాప్యము చేయరాదు. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి, కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి కలవు. దూరపు పల్లెనుండి మోటారు సైకిలుపై మధ్యాహ్నము బయలుదేరి బిడ్డ కింకొక కష్టము కలిగింపక, అత్యవసరము కానిచో తెల్లవారుజామున బయలుదేరుట మేలు.

ఉపాధ్యాయులును, విద్యార్థులును ఇందు చేయదగిన పని యున్నది. వేసవి ప్రవేశించినంతనే బడులు ఒంటిపూట నడచును. పిల్లలు మధ్యాహ్నమునకు ఇల్లు చేరుదురు. తల్లిదండ్రులు పనిలో నుండగా చిన్న చెల్లినో తమ్మునో చంక కెత్తుకొనువారు వారే. సరిగా నీడలు మాయమగు వేళ బిడ్డతో వీథిలోనికి వచ్చువారును వారే. వారికి ఏ ఉపన్యాసమును అక్కరలేదు. "నీ నీడ నీకంటె పొట్టిగా ఉన్నంతసేపు తమ్ముణ్ణి బయటికి తీసుకుపోవద్దు" అను ఒక్క వాక్యము బడి గంట కొట్టుటకు ముందు చెప్పి పంపినచో, అది సాయంకాలమునకు ఊరిలో సగము ఇండ్లకు చేరును. ఎగ్జిమా అంటుజబ్బు కాదను రెండవ వాక్యము కూడ దానితో చేరినచో, అంగన్వాడీలో ఒక మూల ఒంటిగా కూర్చుండు బిడ్డ ప్రక్కన మరొక బిడ్డ వచ్చి కూర్చుండును.